పోకర్ లిస్టులో నా పేరు కొట్టేయండి

పోస్టు కొంచెం పెద్దదే. సంక్రాంతి లోపు అందరూ చదవాలని రాస్తున్నాను, ఓపిక చేసుకోండి.

మా పంచాయతీలో ఈ సంక్రాంతికి కూడా వాలీబాల్ టోర్నమెంటుతో పాటు పోకర్ టోర్నమెంటు పెడుతున్నారు. పోయినేడు ఎంట్రీ 500, ఈ ఏడు 1,000. పేర్ల లిస్టు మన కుర్రాళ్ళ ఫోన్లలో తిరుగుతోంది. అందులో నన్ను అడక్కుండానే నా పేరు రెండోది రాసేశారు. పోయినేడు నాకు రెండో ప్రైజు వచ్చింది, అందుకని. నేను కొట్టేయమన్నాను. "ఏట్రా, డిగ్రీకెళ్ళి పాస్టరైపోయావా?" అని నవ్వారు. ఒకడైతే "గెలిచి డబ్బులు పట్టుకుపోయావు, ఇప్పుడు నీతులు చెప్తున్నావు" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది, ఎందుకంటే అది నిజం. అందుకే ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పకుండా ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

నేను మందిరానికి వెళ్ళేవాణ్ణి, యూత్ మీటింగులో పాటలు నడిపిస్తాను, చాలామందికి తెలుసు. అమ్మ విశ్వాసి. తాత మాత్రం బాప్తిస్మం తీసుకోలేదు, ఇప్పటికీ ఊరి పండగలకి ముందుండేది ఆయనే. మా ఇంట్లో రెండూ ఉన్నాయి, గొడవ లేదు. కాబట్టి ఇది క్రైస్తవులకి మాత్రమే రాసింది అనుకోవద్దు. శంకుదేవుడికి మొక్కేవాళ్ళు, మోదకొండమ్మకి మొక్కేవాళ్ళు, ఎవరైనా సరే, దేవుడంటే భయం ఉన్న ప్రతి ఒక్కరికీ ఇది సంబంధించిందే.

ముందు జరిగింది చెప్తాను.

నేను పోకర్ నేర్చుకుంది వైజాగ్ హాస్టల్లో. రూములో ఎనిమిది మందిమి. మెస్సులో అన్నం తిన్నాక ఒక సీనియర్ అన్న నేర్పాడు. డబ్బులు ఎవరి దగ్గరా లేవు, స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో తెలీదు, కాబట్టి చింతపిక్కలతో ఆడేవాళ్ళం. ఒక్కొక్కరికి 50 పిక్కలు. తెలియని వాళ్ళకి ఆట ఇది: చేతిలో రెండు ముక్కలు, ఎవరివి వాళ్ళకే కనిపిస్తాయి. కింద అందరికీ కలిపి ఐదు ముక్కలు వేస్తారు. మొదట మూడు తెరుస్తారు, తర్వాత ఒకటి, ఆఖరున ఇంకొకటి. తెరిచిన ప్రతిసారీ పందెం పెంచొచ్చు, లేదా ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. ఏడింటిలో మంచి ఐదు ఎవరికి కుదిరితే పందెం వాళ్ళది. టోర్నమెంటు అంటే అందరికీ సమానంగా బిళ్ళలు ఇస్తారు, బిళ్ళలు అయిపోయినోడు లేచిపోవాలి, చివరిదాకా మిగిలినోడు ఫస్టు.

నాకు ఆ ఆట చాలా నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది, అబద్ధం చెప్పను. లెక్క ఉంటుంది, మనిషిని చదవడం ఉంటుంది. రెండేళ్ళు రోజూ రాత్రి ఆడాను. యూట్యూబ్‌లో పెద్ద పెద్ద ఆటలు చూశాను. ఎప్పుడు తప్పుకోవాలో తెలియడమే ఇందులో సగం తెలివి అని అర్థమైంది.

పోయిన సంక్రాంతికి మా వాళ్ళు టోర్నమెంటు అన్నారు. 24 మంది, మనిషికి 500, మొత్తం 12,000. ఫస్టు 6,000, సెకండు 3,000, థర్డు 1,500. మిగిలిన 1,500 లైట్లకి, బల్లలకి, కొత్త పేకలకి అన్నారు. చింతపిక్కలు పనికిరావని ప్లాస్టిక్ బిళ్ళలు కొనుక్కొచ్చారు. ఎవరింట్లో లేవు చింతపిక్కలు? జేబులో వేసుకొచ్చేస్తారు కదా.

కనుమ సాయంత్రం ఇంట్లోంచి బయల్దేరుతుంటే అమ్మ ఎక్కడికిరా అంది. "వాలీబాల్ చూడ్డానికి" అన్నాను. పోకర్ పాపం కాదు, తెలివి ఆట, చెస్ లాంటిది అని రూములో గంటలు గంటలు వాదించే నేను, అమ్మ ముందు వాలీబాల్ అన్నాను. ఆ రాత్రి దాని గురించి ఆలోచించలేదు. తర్వాత చాలా ఆలోచించాను.

నా బల్ల దగ్గర చిన్నాన్న కూర్చున్నాడు. మా నాన్నకి బాబాయి కొడుకు. నేను ఆరో తరగతికి ఆశ్రమ పాఠశాలకి వెళ్ళినప్పుడు నా రేకు పెట్టె భుజాన మోసుకొచ్చింది ఆయనే. డిగ్రీకి వైజాగ్ బయల్దేరినరోజు నా చేతిలో 200 పెట్టాడు. మా ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటివాణ్ణి నేనని నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు. ఆయనకి పేకాట తెలుసు, రమ్మీ బాగానే ఆడతాడు. పోకర్ మాత్రం ఆ సాయంత్రమే నేర్చుకున్నాడు. నేర్పింది నేనే.

ఒక గంట ఆడేసరికి చిన్నాన్న నాకు అర్థమైపోయాడు. మంచి ముక్కలు వస్తే మాట్లాడ్డం ఆపేసి నిటారుగా కూర్చుంటాడు. ముక్కలు లేకపోతే జోకులేస్తాడు. తొమ్మిది దాటాక ఒక ఆట. నా చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు జాకీ. కింద ఆఠీను రాజు, ఇస్పేటు ఎనిమిది, ఇస్పేటు నాలుగు పడ్డాయి. నాలుగో ముక్క ఇస్పేటు రెండు. అంటే నాకు ఐదూ ఇస్పేట్లే, ఆసుతో. ఆ చోట నన్ను కొట్టే ముక్కలు ఎవరి దగ్గరా ఉండే అవకాశం లేదు. ఆఖరి ముక్క కళావరు పది. చిన్నాన్న నిటారుగా కూర్చున్నాడు. ఆయన దగ్గర రాజు, పది. రెండు జతలు కుదిరాయి. కింద మూడు ఇస్పేట్లు ఉన్న సంగతి ఆయన చూడలేదు.

నేను తల గోక్కున్నాను. ముక్కలు రెండుసార్లు చూసుకున్నాను. ఏదో భయపడుతున్నట్టు కొంచెం బిళ్ళలు ముందుకి తోశాను. ఆయన తన దగ్గరున్నవన్నీ తోసేశాడు. అంతే.

లేస్తూ "రెండు జతలు కుదిరి కూడా పోయిందంటే నా రోజు బాలేదురా" అని నా భుజం తట్టాడు. నాకు సెకండు వచ్చింది. రాత్రి ఒంటిగంటకి 3,000 జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళాను. ఖర్చు పోను 2,500 మిగులు.

మరుసటి ఆదివారం మందిరంలో కానుక సంచి వచ్చినప్పుడు అందులో 300 వేశాను. దశమభాగం. గర్వంగానే వేశాను. ఆ తర్వాత ప్రార్థన అవసరతలు చెప్పమన్నారు. మా ముందు వరసలో ఉన్న పిన్ని లేచింది. "ఇంటి రేకుల కోసం ప్రార్థన చెయ్యండి, ఈ ఏడు వేద్దామనుకున్నాం, డబ్బులు ఆగిపోయాయి" అంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఎలా ఆగిపోయాయో అమ్మ ఇంటికొచ్చాక చెప్పింది.

టోర్నమెంటు బల్లలకి వెనక, లైటు వెలుగు సగం పడే చోట, ఒక దుప్పటి పరిచారు. దాని మీద లోపల బయట. మాకు తెలుసు, చూశాం, మాది కాదు అనుకున్నాం. టోర్నమెంటులో పోయినవాళ్ళు ఇంటికెళ్ళరు కదా. చేతిలో ఊపు ఉంటుంది, పండగ, రాత్రి తొమ్మిదే అయింది. చిన్నాన్న నా బల్ల దగ్గర లేచి నేరుగా అక్కడ కూర్చున్నాడు. కాఫీ డబ్బు 5,000 పోయింది. ఇంకో 2,000 అక్కడికక్కడే పది రూపాయల వడ్డీకి తీసుకున్నాడు, అదీ పోయింది. అప్పిచ్చినోడు మన ఊరోడు కాదు, సంతకి కింద నుంచి వచ్చేవాడు. ఆ అప్పు మిరియాల డబ్బు చేతికొచ్చాక మూడు నెలలకి 2,600 కట్టి తీర్చారు. వేసవి సెలవులు అయిపోయి నేను హాస్టల్‌కి బయల్దేరే రోజుకి వాళ్ళ ఇంటిమీద నీలం టార్పాలిన్ కట్టి ఉంది. ఆ వానాకాలం దాని కిందే గడిచింది.

ఇప్పుడు నా అభిప్రాయం.

మొదటిది. "పేకాట పాపం, ముగించు" అని మన పెద్దలు చెప్పేది నాకు సరిపోదు. పాపమని ఊరుకుంటే కుర్రాళ్ళు ఆపరు, దాక్కుని ఆడతారు. నేను వాలీబాల్ అని చెప్పి వెళ్ళినట్టు. బైబిల్లో పేక అనే మాట లేదు. చీట్లు వెయ్యడం చాలా చోట్ల ఉంది. యెహోషువ కాలంలో గోత్రాలకి భూమి పంచడానికి చీట్లు వేశారు. యూదా స్థానంలో మత్తీయని ఎంచుకోడానికి అపొస్తలులు చీట్లు వేశారు. సిలువ కింద సైనికులు యేసు అంగీ కోసం చీట్లు వేశారు. వేసింది అన్నిచోట్లా చీటే. కానీ మొదటి రెండూ పంచుకోడానికో, పని అప్పజెప్పడానికో వేసినవి. మూడోది ఏమీ మిగలని మనిషి దగ్గర ఆఖరి బట్ట పట్టుకుపోడానికి వేసింది. నాకు తేడా అక్కడ కనిపించింది. పేక ముక్కలో పాపం లేదు. ఆట అయ్యాక ఎవరి ఇంట్లోంచి ఏం వెళ్ళిపోయింది అన్నదే ప్రశ్న. మహాభారతంలో కూడా ధర్మరాజు పాచికలాడటం తప్పు కాలేదు, ఆ పందెంలో తమ్ముళ్ళని, ద్రౌపదిని పెట్టడమే తప్పయింది. పెట్టినవాడు ధర్మరాజు అన్నది కూడా మర్చిపోకూడదు. మంచివాడు ఆడితే ఆట మంచిదైపోదు.

మా తాత ఇంకోలా చెప్తాడు. చైత్రంలో ఇటుకల పండక్కి ఊరు ఊరంతా వేటకి వెళ్ళేదట. ఏది దొరికినా వాటా ఇంటింటికీ. వేటకి రాలేని ముసలోడికి వాటా, మగదిక్కు లేని ఇంటికి వాటా. ఇప్పుడు ఆ వేట లేదు, చట్టమూ ఒప్పుకోదు. కానీ వాటా లెక్క మా ఊళ్ళో ఇంకా ఉంది, పండక్కి మేకని కోసినా అలాగే పంచుతాం. నేను తాతకి పోకర్ గురించి చెప్తే ఆయన అడిగింది ఒక్కటే. "గెలిచినోడు తెచ్చింది ఎక్కడిది? అడవిదా, పక్కింటిదా?" నా దగ్గర జవాబు లేదు.

రెండోది. "ఇది అదృష్టం కాదు, నైపుణ్యం" అని మనం అందరం చెప్పే మాట. నేనే ఎక్కువసార్లు చెప్పాను. చట్టం కూడా ఈ తేడా చూస్తుంది. 1968లో సుప్రీంకోర్టు మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అంది, మూడు ముక్కలాట లాంటిది కాదంది. రమ్మీ ఆడేవాళ్ళకి ఇంతవరకే తెలుసు. అదే తీర్పులో, పందెం ఆట పెట్టినవాడు దానిమీద లాభం తీసుకుంటే నేరం కావచ్చని కూడా ఉంది. అది ఎవరూ చెప్పరు. పోకర్ మీద కోర్టులు ఒక్క మాట మీద లేవు. గుజరాత్ హైకోర్టు 2017లో దాన్ని జూదం కిందే లెక్కేసింది. పశ్చిమ బెంగాల్ చట్టం జూదం లెక్కలోంచి తీసేసింది. 2025లో వచ్చిన కేంద్ర చట్టమైతే ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడే ఆటలకి నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా నిషేధం పెట్టింది.

సరే, చట్టం పక్కన పెట్టండి. నైపుణ్యమే అనుకుందాం. అప్పుడు నా గెలుపు ఇంకా మంచిదవుతుందా? నాకు తిరగబడి కనిపిస్తోంది. పూర్తిగా అదృష్టమైతే చిన్నాన్నా నేనూ సమానం. నైపుణ్యం కాబట్టి, రెండేళ్ళు రోజూ ఆడినవాణ్ణి నేను, ఆ సాయంత్రమే నేర్చుకున్నవాడు ఆయన. నా 2,500 అక్కడ నుంచి వచ్చింది. ఎంత నైపుణ్యమో అంత తెలిసి తీసుకున్నట్టు.

వాలీబాల్‌కి కూడా ఎంట్రీ ఫీజు ఉంది కదా, ప్రైజు ఉంది కదా, అది తప్పు కాదా అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. నేను చాలా రోజులు ఇక్కడే ఆగిపోయాను. 500 కట్టి ఓడిపోతే 500 పోయింది, రెండిట్లోనూ అంతే. మరి తేడా ఏంటి?

తేడా ఇది. వాలీబాల్లో గట్టి టీమ్ చేతిలో ఓడిపోతే, ఓడిపోయినోడికి తెలుస్తుంది. ఊరందరికీ తెలుస్తుంది. "వాళ్ళ స్మాషర్ ముందు మనం నిలబడలేం" అని ఇంటికెళ్తాడు, లేదా సంవత్సరమంతా ప్రాక్టీసు చేసి వస్తాడు. పోకర్లో ఓడిపోయినోడికి తాను ఎందుకు ఓడిపోయాడో తెలీదు. ముక్కలు బాలేదు అనుకుంటాడు. చిన్నాన్న అదే అన్నాడు, "నా రోజు బాలేదు". ఆయన రోజు బాగానే ఉంది, రెండు జతలు కుదిరాయి. ఆయన బల్లమీద మూడు ఇస్పేట్లు చూడలేదు, ఎదురుగా కూర్చున్న కొడుకు లాంటివాడు నటిస్తున్నాడని చూడలేదు. ఈ ఆటలో ఉన్న కొంచెం అదృష్టం చేసే పని అదే. నైపుణ్యం తేడాని కప్పేస్తుంది. ఓడిపోయినోడు మళ్ళీ వస్తాడు, ఈసారి ముక్కలు బాగుంటాయని. ముక్కలు బాగున్నా పోతుంది.

నటించడం అబద్ధమా అని యూత్ మీటింగులో ఒక తమ్ముడు అడిగాడు. వాలీబాల్లో స్మాష్ కొడతానని ఎగిరి మెల్లగా వదిలేస్తాం, దాన్ని ఎవరూ అబద్ధం అనరు. ఎందుకంటే అవతలోడూ అదే చేస్తాడు, అది ఆటలో భాగమని ఇద్దరికీ తెలుసు. హాస్టల్లో చింతపిక్కలతో ఆడేటప్పుడు నా నటన కూడా అంతే. కానీ చిన్నాన్న దేనికి ఒప్పుకుని కూర్చున్నాడో ఆయనకి పూర్తిగా తెలుసా? నేను ఆయనకి ముక్కల లెక్క నేర్పాను. నేను ఆయన మొహం చదువుతానని నేర్పలేదు.

మూడోది, డబ్బు ఎవరిది. మన ఏజెన్సీలో సంక్రాంతి అంటే కాఫీ డబ్బు చేతికొచ్చే కాలం. పళ్ళు కోసేది, తొక్క తీసేది, ఎండబెట్టేది ఎక్కువగా ఎవరు? అమ్మలు, పిన్నిలు, అక్కలు. చలిలో తెల్లారకుండా వెళ్ళి కోస్తారు. లిస్టులో ఉన్న 24 పేర్లూ మగవాళ్ళవే. పిన్ని కోసిన పళ్ళు చిన్నాన్న జేబులో నోట్లయ్యాయి, అందులో 500 నా బల్ల మీదకి, మిగిలింది దుప్పటి మీదకి వచ్చాయి. ఆమెని ఎవరూ అడగలేదు. మన భూమి బయటవాళ్ళకి పోకుండా 1/70 చట్టం ఉంది, దానికోసం మనం మీటింగులు పెడతాం, నినాదాలిస్తాం. భూమి మీద పండింది ఒక్క రాత్రిలో దుప్పటి మీద నుంచి కిందకి వెళ్ళిపోతే మాత్రం పండగ అంటాం.

"దుప్పటి మేం పెట్టలేదు" అని టోర్నమెంటు పెట్టిన అన్నలు అంటున్నారు. నిజమే, పెట్టలేదు. టోర్నమెంటులో ఎవరికైనా 500 కంటే ఎక్కువ పోదు, అదీ నిజమే. కానీ ఆ లైట్లు మనవి, ఆ జనం మన పిలుపు మీద వచ్చారు. ఓడిపోయి, ఇంటికెళ్ళాలనిపించక, చేతులు ఊరుకోని 21 మందిని ఒక్కొక్కరినే ఆ దుప్పటి వైపు పంపింది మన ఆట. అప్పిచ్చేవాడికి ఎక్కడ నిలబడాలో మనం చెప్పక్కర్లేదు, వాడికి తెలుసు. ఆ రాత్రి ఎవరు గెలిచినా ఓడినా, వాడు మాత్రం ఓడలేదు.

"ఆయనకి బుద్ధి లేదా, ఎవరూ బలవంతం చెయ్యలేదు కదా" అనేవాళ్ళకి ఒక మాట. చిన్నాన్న పెద్దమనిషే, ఆయన తప్పు ఆయనదే. నేను మొయ్యలేను. కానీ నా వాటా నాకుంది. నేను ఆ వాటాని దాచుకుని దేవుడికి పదోవంతు ఇచ్చాను, మిగతా తొమ్మిదొంతులు శుభ్రమైపోతాయన్నట్టు. ఒక విశ్వాసిగా నన్ను ఎక్కువ బాధపెట్టేది పేకాడటం కాదు, అది. కానుక వేసిన చేతికి రెండడుగుల ముందు పిన్ని నిలబడి రేకుల కోసం ప్రార్థించమంటోంది.

డబ్బు తిరిగిచ్చేశావా అని అడుగుతారు. ప్రయత్నించాను. అప్పటికి 900 పెట్టి బూట్లు కొనుక్కున్నాను, 300 కానుకలో వేశాను. హాస్టల్‌కి వెళ్ళేముందు మిగిలిన 1,300 పట్టుకుని చిన్నాన్న ఇంటికెళ్ళాను. చూసి నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు. "ఆట ఆటే. నువ్వు నా దగ్గర గెలిచావు. నీ జాలి నాకెందుకురా?" అన్నాడు. పిన్ని వాకిట్లో బియ్యం చెరుగుతోంది, తల ఎత్తలేదు. డబ్బు జేబులో పెట్టుకుని తిరిగొచ్చాను. పందెంలో గెలిచింది గౌరవంగా తిరిగివ్వడానికి దారి లేదని అప్పుడు తెలిసింది. మేకలో వాటా ఇస్తే ఎవరూ తప్పు పట్టరు. ఇది ఇవ్వబోతే అవమానం అయింది. ఆ 1,300 అమ్మకి ఇచ్చి, ఎక్కడిదో కూడా చెప్పేశాను. అమ్మ తిట్టలేదు. "ముందే చెప్పి వెళ్తే నేను ఆపేదాన్ని, అందుకే చెప్పలేదు కదా" అంది. అంతే.

ఆ మాట నుంచి నేను ఒక కొలత పెట్టుకున్నాను. ఏ మతం వాళ్ళైనా వాడుకోవచ్చు. ఆడబోయే ముందు రెండు ప్రశ్నలు. ఒకటి, ఎక్కడికి వెళ్తున్నానో అమ్మకి ఉన్నది ఉన్నట్టు చెప్పగలనా? రెండు, గెలిస్తే, ఓడిపోయినోడి భార్య ఎదురొచ్చినప్పుడు ఆ డబ్బు ఎక్కడిదో చెప్పగలనా? రెండిటికీ అవును అయితే ఆడండి. నేను పాపం అనను. వాలీబాల్‌కి రెండిటికీ అవునే వస్తుంది. చింతపిక్కల పోకర్‌కి కూడా అవునే వస్తుంది. హాస్టల్లో ఇప్పటికీ ఆడుతున్నాను, నిన్న రాత్రి కూడా 50 పిక్కలూ పోగొట్టుకున్నాను.

టోర్నమెంటు పెడుతున్న అన్నలూ, మీరు నా స్నేహితులే. చెడు చెయ్యాలని పెట్టట్లేదని నాకు తెలుసు. పండగ పూట కుర్రాళ్ళకి ఏదో కొత్తది ఉండాలని పెట్టారు. పోకర్ మానెయ్యమని కూడా అడగట్లేదు. డబ్బు తీసెయ్యండి. ఎంట్రీ మనిషికి తవ్వెడు బియ్యం పెట్టండి, నాటుకోళ్ళు మనమే చందా వేసి కొందాం. ఎవరు గెలిచినా కూర అందరికీ, ఓడిపోయినోళ్ళకి కూడా, వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళకి, పిల్లలకి కూడా. గెలిచినోడికి పేరు చాలు, కావాలంటే ముందు ముక్క వాడికి వడ్డిద్దాం. అక్కలు, చెల్లెళ్ళు కూడా బల్ల దగ్గర కూర్చోవచ్చు అప్పుడు. హాస్టల్లో నాకంటే బాగా ముక్కల లెక్క వేసే చెల్లెళ్ళు ఈ గ్రూపులోనే ఉన్నారు. మన లైట్ల వెలుగులో మాత్రం దుప్పటి పరవనివ్వొద్దు. అప్పిచ్చేవాణ్ణి కనిపించిన చోటే వెనక్కి పంపిద్దాం, ఆ పనికి నేను ముందుంటాను. ఇలా పెడితే నా పేరు ఉంచండి, మొదటి బల్ల దగ్గరే కూర్చుంటాను.

1,000 ఎంట్రీతోనే పెడతామంటే మాత్రం రెండో పేరు కొట్టేయండి.

ఇంకో మాట చెప్పి ఆపేస్తాను. లిస్టులో మొదటి పేరు ఎవరిదో చూశారా? చిన్నాన్నది. పోయినేడు ముక్కలు బాలేదట, ఈసారి చూసుకుంటాడట. టార్పాలిన్ ఇంకా తియ్యలేదు. మీలో ఎవరి బల్ల దగ్గర ఆయన కూర్చుంటాడో నాకు తెలీదు. ఎవరైనా సరే, ఆయనకి మంచి ముక్కలు వస్తే మాట్లాడ్డం ఆపేసి నిటారుగా కూర్చుంటాడు. మీకు కూడా ఒక గంటలో తెలిసిపోతుంది. తెలిశాక ఏం చేస్తారో ముందే ఆలోచించుకుని రండి.